పొర మీద తెల్లని పెచ్చు

తలుపు కొట్టలేదు, తోసుకునే వచ్చాడు. వచ్చి ముందు మనుషుల్ని చూడలేదు. కిటికీ దగ్గరికి పోయి వీధిలోకి తొంగి చూసి, రెక్కలు మూసి గడియ పెట్టాడు. అప్పుడు తిరిగాడు.

"నన్ను చంపుతారు. లేదా జైల్లో వేస్తారు. ఏది ముందో నాకు తెలీదు."

"రెండూ ఒకే రోజు కుదరవులే. కూర్చో," అంది లాయరమ్మ.

ఆమెను అందరూ లాయరమ్మే అంటారు గానీ ఆమె కోర్టు గుమ్మం ఎక్కి చాలా కాలమైంది. గొంతు పెంచిందని ఒక జడ్జి బయటికి పొమ్మన్నాడు. పోయింది. నల్లకోటు మేకుకు తగిలించి, సైకిల్ షాపు మీద గది అద్దెకు తీసుకుని, పోలీసులు మూసేసిన కేసులు తెరిచే పని పెట్టుకుంది. ఆమె సహాయకుడు ఒక ఫొటోగ్రాఫర్. నవ్వనివాళ్ళను నవ్వమని బతిమాలి బతిమాలి విసుగెత్తి ఇటు వచ్చిన బొజ్జ మనిషి. లాయరమ్మ ఏం కనిపెట్టినా నోరు తెరుచుకుని చూడటం తన ఉద్యోగంలో భాగమే అనుకుంటాడు.

వచ్చినవాడు కూర్చున్నాడు.  మురుగుశుద్ధి ప్లాంటులో ఆపరేటర్‌ అట.

"నిన్న పొద్దున మా బావ పోయాడు. మా అక్క మొగుడు. ఆయనదీ నాదీ ఒకటే ప్లాంటు, ఒకటే పని. ఫిల్టర్లు కడిగే గదిలో తొట్టి పక్కన పడిపోయాడు. తొట్టిలోంచి క్లోరిన్ గ్యాసు వచ్చింది. బ్లీచింగు ద్రావణంలో యాసిడ్ కలిస్తే వచ్చే గ్యాసు."

"ఎవరు కలిపారు?"

"మేనేజరేమో బావే పొరపాటున కలిపాడంటాడు. ఇన్‌స్పెక్టరు నేనే కావాలని కలిపానంటాడు. ఎందుకంటే ఆ షిఫ్టు నాది. పన్ను నొప్పి అని మేనేజర్‌కు చెప్పి, నా బదులు బావను పంపాను."

లాయరమ్మ అతని దవడ వైపు చూసింది. "పన్ను నొప్పి లేదు."

ఫొటోగ్రాఫర్ నోరు తెరిచాడు.

"నోరు మూసుకోవయ్యా, ఇందులో వింతేముంది? వచ్చినప్పటి నుంచీ పళ్ళు నూరుతూనే ఉన్నాడు. నొప్పి ఉన్నవాడు నూరడు." ఆపరేటర్ వైపు తిరిగింది. "ఎక్కడికి పోయావు?"

"దిగువ ఊరికి."

అసలు సంగతి అప్పుడు కక్కాడు. ప్లాంటులో మురుగును పలచని ప్లాస్టిక్ పొరల గుండా లాగుతారు. పొరల నిండా కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు. నీళ్ళు దాటతాయి, చెత్తా క్రిములూ ఆగిపోతాయి. పని బాగానే జరిగేది. ఈమధ్య పాల ఫ్యాక్టరీ వాడు పాడైన పాలన్నీ మురుక్కాలవలోకి వదలడం మొదలుపెట్టాడు. పాలలో ఉండే మాంసకృత్తులు పొరలకు జిగురులా పట్టేస్తాయి. రంధ్రాలు మూసుకుపోతాయి. ఎంత కడిగినా మళ్ళీ పడుతుంది. నీళ్ళు దాటవు, మురుగు మాత్రం వస్తూనే ఉంటుంది. అదెక్కడికి పోవాలి?

"ప్లాంటు వెనక ఒక గేటుంది. దొంగ కాలవ అంటాం. అది తెరిస్తే మురుగు మురుగులాగే నదిలో పడుతుంది. దిగువ ఊరు ఆ నదిలోంచే నీళ్ళు తోడుకుంటుంది. అక్కడ పిల్లలు వాంతులతో, విరేచనాలతో మంచం పట్టారు. కొందరు లేవలేదు."

"చెప్పడానికి పోయావా?"

"చెప్పాను. చెప్పి తిరిగొచ్చేసరికి బావ శవం."

"మీ బావకు తెలుసా, ఎందుకు పోతున్నావో?"

"తెలుసు. అంతకు ముందు రోజు అక్క ఇంట్లో ఇద్దరం గొడవపడ్డాం. నోరు మూసుకో, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నాడు." అతను చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నీలాంటి పిరికివాడు బతికినా ఒకటే చచ్చినా ఒకటే అన్నాను. అక్క వింది. నేను అంత మాట అన్నా ఆయన నా షిఫ్టు చెయ్యడానికి ఒప్పుకున్నాడు. మంచివాడు మా బావ."

"అక్క ఏమంటోంది?"

"శవం దగ్గరికి రానివ్వలేదు. నా గడప తొక్కితే కాళ్ళు విరుస్తానంది. మా అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది ఆవిడే. రేపు సాయంత్రం అరెస్టు చేస్తామని ఇన్‌స్పెక్టర్ కబురు చేశాడు. ఆ ఉచ్చు నాకోసం పెట్టింది అయితే పెట్టినవాడు ఈలోపే మళ్ళీ పెడతాడు."

"నీకు ముందు ఏది కావాలి? జైలు తప్పాలా, ప్రాణం దక్కాలా?"

"అక్క నమ్మాలి," అన్నాడు. "మిగతావి తరవాత."

* * *

ప్లాంటు ఊరి చివర ఉంది. ఊరు తన కడుపులోంచి దిగేదాన్ని చూడటానికి ఇష్టపడదు. అందుకే చుట్టూ ఎత్తు గోడ, గోడ మీద గాజుపెంకులు. లోపల మురుగు బూడిద రంగులో ఉండాలి. అక్కడ మాత్రం సున్నం నీళ్ళలా తెల్లగా, నురగలు కక్కుతూ, చప్పుడు లేకుండా పారుతోంది. పులిసిన పాల వాసన గొంతులో అతుక్కుంటోంది. మబ్బు కిందికి దిగింది. ఒక్క పక్షి లేదు.

మేనేజర్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. చొక్కా మీద చిన్న మరక కూడా లేదు. మురుగు ప్లాంటులో మరక లేని చొక్కా అంటేనే ఆ మనిషి ఏం పని చేస్తాడో తెలిసిపోతుంది.

"విచారకరం," అన్నాడు. "కానీ స్వయంకృతం. రెండు మందులూ కలిపి పోస్తే త్వరగా పోతుందనుకున్నాడు పాపం."

"షిఫ్టు మార్పు మీకు ముందే తెలుసా?"

"నేనే ఒప్పుకున్నాను. కెమిస్టుకు కూడా చెప్పాను, ఆ పొద్దున నమూనాలు వాళ్ళ బావ తెస్తాడని."

"ఇంకెవరికి చెప్పారు?"

"ఇంకెవరికి చెప్పాలి? ఊరంతా చాటింపు వెయ్యాలా?"

"దొంగ కాలవ ఎవరు తెరుస్తారు?"

అతని మొహంలో ఏదో చటుక్కున మూసుకుంది. "అలాంటిదేమీ లేదు."

"పేరు చెప్పగానే అర్థమైనట్టుందే, లేనిదాని సంగతి," అని లాయరమ్మ ముందుకు నడిచింది.

కడిగే గది పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. కిటికీలు లేవు. పై గోడలో ఫ్యాన్ ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం, దానికి అడ్డంగా రేకు కొట్టి ఉంది. వరసగా తొట్లు. గోడకు పలక మీద పెద్ద అక్షరాలు: ముందు బ్లీచింగు, సోడా. కడిగి తీశాకే నిమ్మ ఉప్పు.

నిమ్మ ఉప్పంటే అందరికీ తెలిసిందే, పంచదారలాంటి తెల్ల పొడి. అదీ యాసిడే. నీళ్ళలో కరిగితే రంగుండదు, వాసనుండదు. సంచులు మూలన ఉన్నాయి. తాళం లేదు, గొళ్ళెం కూడా లేదు.

కెమిస్టు తన గదిలో ఉంది. చిన్న వయసు, ఎర్రబడ్డ కళ్ళు. ప్రమాదం జరిగినప్పటి నుంచీ కడిగే గదిలోకి పోనివ్వడం లేదట.

"ఆ పలక మీరు రాసిందేనా?"

"నేనేనండి. ఆ వరస తప్పకూడదని ఆపరేటర్లకు రోజూ చెప్పేదాన్ని. సాయంత్రం షిఫ్టు దిగేవాళ్ళు మురికి పొరల్ని తొట్టిలో పెట్టి నీళ్ళు నింపి పోతారు, నానడానికి. పొద్దున వచ్చినవాళ్ళు అందులో బ్లీచింగు పోసి పని మొదలుపెడతారు. మధ్యలో రాత్రంతా ఆ గదిలో ఎవరూ ఉండరు."

"పొద్దున వచ్చినవాడు తొట్టిలో ఉన్నవి నీళ్ళో కావో చూస్తాడా?"

"ఎందుకు చూస్తాడండీ? ముందు షిఫ్టువాడు పెట్టాడంటే నీళ్ళే." ఆమె కడిగే గది వైపు చూసింది. "ఒకరి మాట మీద ఒకరు బతికే చోటు ఇది."

లాయరమ్మ గదిలోకి తిరిగొచ్చి రెండో తొట్టిలోంచి ఒక పొర పైకి లాగింది. ఇంకా కడగని పొర. వేలితో రాస్తే మీగడలా జారింది, చీమిడిలా సాగింది. తరవాత మూడో తొట్టికి పోయింది. బావ పడిపోయింది దాని పక్కనే. గ్యాసు ఆగాలని నీళ్ళు అప్పుడే తోడేశారు గానీ పొరలు అలాగే వేలాడుతున్నాయి. వాటి మీద జిగురు లేదు. తెల్లటి పెచ్చు కట్టి ఉంది, పాత గోడకు సున్నం పెచ్చులు లేచినట్టు. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది.

"ఫొటో తియ్యి. దగ్గరగా."

"రెండూ ఒకటే మురికి కదా లాయరమ్మా? ఇదేమిటి ఇలా గట్టిపడింది?"

"నువ్వు పాలు కాచుకుంటావా ఇంట్లో?"

"మా ఆవిడ కాస్తుంది."

"అందుకే నీకు తెలీదు," అని రాలిన పెచ్చును కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంది.

పక్క గది మోటార్ల మేస్త్రీది. అందరూ పెద్దన్న అంటారు. కార్మిక సంఘానికి నాయకుడు. ఆపరేటర్‌కూ అతని బావకూ ఉద్యోగాలు ఇప్పించింది ఈయనే. గ్యాసు నిండిన గదిలోకి తడిగుడ్డ మూతికి కట్టుకుని దూకి శవాన్ని బయటికి లాగిందీ ఈయనే. పెద్ద చేతులు, పెద్ద గొంతు. మనిషిని చూస్తేనే ధైర్యం వచ్చేలా ఉంటాడు. బల్ల మీద విప్పిన ఫ్యాన్ మోటారు పడుంది. లోపలి రాగి తీగ తళతళ మెరుస్తోంది.

"రామ్మా, ఆ మేనేజర్‌ను వదలకు," అన్నాడు. "ఫ్యాను మోటారు కాలిపోయింది, కొత్తది తెప్పించమని మొత్తుకున్నాను. వింటేనా! ఫ్యాను తిరిగి ఉంటే మా చిన్నోడి బావ బతికేవాడు."

ఫొటోగ్రాఫర్ అలవాటు కొద్దీ బల్లనూ మోటారునూ మేస్త్రీనీ కలిపి ఒక ఫొటో తీశాడు. నవ్వమని మాత్రం అనలేదు.

"మీరు మొదటి నుంచీ ఇక్కడేనా?"

"కాదు, సగం బతుకు బాయిలర్ల దగ్గర పోయింది. అక్కడ కడగడమంటే కడగడమే, ముందే యాసిడ్ పెట్టి కొట్టడం. సుద్ద పెళుసై రాలిపోయేది, తళతళలాడేది. ఈ సోడాలూ సబ్బులూ ఆ కెమిస్టు పిల్ల నేర్పిన సోకులు. ఏది పోసి కడిగితే ఏముంది, మురికి మురికే."

"ఆ పొద్దున ఎక్కడున్నారు?"

"నది ఒడ్డున పంపుల దగ్గర. కేకలు విని పరిగెత్తుకొచ్చాను. బోర్లా పడున్నాడు. కాళ్ళు పట్టి బయటికి ఈడ్చి, తిప్పి చూద్దును గదా... బావ!" మేస్త్రీ కళ్ళు నిండాయి. "గుండె ఆగిపోయిందమ్మా."

ఆ కన్నీళ్ళు దొంగవి కావు. ఫొటోగ్రాఫర్‌కు కూడా ముక్కు కారింది. లాయరమ్మ మాత్రం మోటారు వైపే చూస్తోంది.

* * *

అక్క ఇల్లు రెండు గదులు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయిన మొహం. మూలన ఆయన చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.

"మా తమ్ముడు పంపాడా?" అంది.

"అతను అడిగాడు, నేను వచ్చాను. పంపితే నేను పోను."

"వాడు అన్న మాట నా చెవిలో ఉంది. బతికినా ఒకటే చచ్చినా ఒకటే అన్నాడు. తెల్లారేసరికి నిజం చేశాడు."

"అతనే చేశాడని మీకు ముందు ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? తొట్టి నింపింది వాడు. రాకుండా తప్పించుకుంది వాడు." మూలనున్న చెప్పుల వైపు చూసింది. "పెద్దన్న కూడా అన్నాడు, వాణ్ణి దగ్గరికి రానివ్వకు తల్లీ, వాడి చెయ్యి మంచిది కాదని. నిన్నటి నుంచీ పనయ్యాక వచ్చి కూర్చుంటున్నాడు. నా పిల్లలకు అన్నం కలిపి పెట్టేది ఆయనే ఇప్పుడు."

"రేపు మధ్యాహ్నం ప్లాంటుకు రండి."

"ఆ గదిలోకా? రాను."

"మీ ఆయన ఎలా పోయాడో అక్కడ చెబుతాను. తమ్ముడి కోసం రావద్దు. ఆయన కోసం రండి."

వీధిలోకి వచ్చాక ఫొటోగ్రాఫర్ అడిగాడు, "ఎవరు లాయరమ్మా? మేనేజరేనా? ఆ చొక్కా చూస్తేనే నాకు మండింది."

"నాకూ మండింది. మండినవాణ్ణల్లా ఉరి తీస్తే తాళ్ళు చాలవు."

ఆమె నవ్వలేదు. రోడ్డు పక్క కాలవలో తెల్ల నురగ వాళ్ళకంటే వేగంగా నది వైపు పోతోంది. లాయరమ్మ దాని వెంట చూస్తూ, "దుర్మార్గుడు మేడ మీదే ఉంటే మన పని ఎంత సుఖంగా ఉండేదయ్యా," అంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం అందరూ కడిగే గది గుమ్మంలో పోగయ్యారు. వాన రాబోతున్నట్టు గాలి స్తంభించింది. ఇన్‌స్పెక్టర్ సంకెళ్ళు చేత్తో పట్టుకునే వచ్చాడు, పని త్వరగా ముగించుకునేవాడిలా. మేనేజర్ ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు. కెమిస్టు చేతిలో రెండు గాజు పాత్రలు, మూతలు పెట్టినవి. మేస్త్రీ అక్క పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆపరేటర్ దూరంగా, ఒంటరిగా ఉన్నాడు. అక్క వాడి వైపు చూడలేదు.

"పొద్దున్నే ఈ అమ్మాయిని ఒక పని చెయ్యమన్నాను," అంది లాయరమ్మ. "రెండో తొట్టిలోంచి నేను తీసిచ్చిన ఒకే పొరను రెండు ముక్కలు కోసింది. ఒకటి బ్లీచింగు, సోడా కలిపిన నీళ్ళలో వేసింది. ఒకటి నిమ్మ ఉప్పు నీళ్ళలో. చూపించమ్మా."

మొదటి ముక్క తెల్లగా, శుభ్రంగా బయటికొచ్చింది. జిగురంతా కరిగి నీళ్ళలో కలిసిపోయింది. రెండోదాని మీద తెల్లటి పెచ్చు కట్టింది. కెమిస్టు దాన్ని మూడో తొట్టిలో వేలాడే పొర పక్కన పెట్టింది. తేడా లేదు. 

"ఇది... మూడో తొట్టిలో పొరలు ఇలా ఉన్నాయా? నన్ను చూడనిచ్చి ఉంటే ఆరోజే చెప్పేదాన్ని!"

"వేడి పాలలో నిమ్మకాయ పిండితే ఏమవుతుంది?" అంది లాయరమ్మ. "విరుగుతాయి. పొరకు పట్టిన పాల జిగురు కూడా అంతే. యాసిడ్ తగిలితే గడ్డకట్టి పెచ్చవుతుంది. కానీ ఇవి వేడివి కావు. ఇలా గట్టిపడటానికి పొద్దుటి నుంచి ఇప్పటిదాకా పట్టింది. బావ పొద్దున వచ్చాడు, బ్లీచింగు పోశాడు, ఊపిరి తీసేలోపు పడిపోయాడు. ఆయనే ఆ నిమిషంలో రెండూ కలిపి ఉంటే ఈ పెచ్చు ఉండదు. అంటే యాసిడ్ ముందు రాత్రే తొట్టిలో ఉంది. నీళ్ళలా కనిపిస్తూ, ఎదురుచూస్తూ ఉంది."

అక్క ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"అయితే నా పని తేలికైంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ముందు సాయంత్రం తొట్టి నింపింది ఈ తమ్ముడే." సంకెళ్ళు గలగలమన్నాయి.

"ఆగండి. మీరు వాటిని మోసుకొచ్చారు కాబట్టి ఎవరికో ఒకరికి వేసే పోదురుగాని. ఈ ఉచ్చు వేసినవాడికి ఏం కావాలి? చచ్చినవాడి పొరపాటేనని అందరూ అనుకోవాలి. మరి పొరల మీద ఇంత సాక్ష్యం ఎందుకు వదిలాడు? వదులుతున్నానని వాడికి తెలీదు కాబట్టి. ఈ తమ్ముడు ఎన్నేళ్ళ నుంచో ఈ పొరలు కడుగుతున్నాడు. యాసిడ్ ముందు తగిలితే ఏమవుతుందో తెలిసినవాడు. ఆ పలక రాసిన అమ్మాయికి ఇంకా బాగా తెలుసు. ఈ ఇద్దరిలో ఎవరు చేసినా ముందు పొరల్ని పైకి తీసి పక్కన పెట్టేవాళ్ళు. యాసిడ్ అంటే మరో రకం సబ్బు, కడిగి పోతుంది అనుకునేవాడు చేసిన పని ఇది."

ఆపరేటర్ తల ఎత్తాడు. మేనేజర్ రుమాలు దించాడు. "నన్ను అంటున్నారా?"

"మీరు పొరను చేత్తో ముట్టిన పాపాన పోలేదు. మీకూ తెలీదు, నిజమే. కానీ ఇంకో గుర్తు ఉంది. ఆ పొద్దున ఎవరు చావాలి? దిగువ ఊరికి పోయి దొంగ కాలవ సంగతి చెబుతానన్నవాడు. అంటే తమ్ముడు. బావ మీద ఎవరికీ పగ లేదు. షిఫ్టు మారిందని తెలిసినవాడు ఆ తెల్లారి ఉచ్చు వెయ్యడు. మేనేజర్‌కు తెలుసు. కెమిస్టుకు తెలుసు. తెలియనివాడు ఒకడే. నది ఒడ్డున పంపుల దగ్గర ఉండేవాడు, ఎవరూ చెప్పనివాడు. శవాన్ని తిప్పి చూసి గుండె ఆగిపోయినవాడు."

అక్క భుజం మీది చెయ్యి మెల్లగా జారింది.

"నేనా?" మేస్త్రీ నవ్వాడు. నవ్వు గోడలకు తగిలి తిరిగొచ్చింది. "ప్రాణానికి తెగించి లోపలికి దూకింది నేనమ్మా! వీళ్ళు నా చేతుల మీద పెరిగిన పిల్లలు."

"దూకావు. లోపల చిన్నోడే చచ్చి ఉంటాడనుకుని, నలుగురూ చూస్తుండగా దూకావు. చూసింది బావను. నువ్వు ఏడ్చిన ఏడుపు నిజం, అది నేను కాదనను. మరి ఫ్యాను సంగతి చెప్పు."

"కాలిపోయింది. వంద సార్లు చెప్పాను."

ఫొటోగ్రాఫర్ జేబులోంచి ఆ ఫొటో తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. "కాలిన మోటారు నల్లగా ఉంటుంది సార్. మాడు కంపు కొడుతుంది. నా ఇంట్లో రెండు తగలబడ్డాయి కాబట్టి నాకు తెలుసు. ఇందులో తీగ చూడండి, దుకాణంలోంచి తెచ్చినట్టుంది." అతను లాయరమ్మ వైపు గర్వంగా చూశాడు. ఈసారి ఆమె నోరు తెరుచుకోలేదు గానీ, కనుబొమ్మ మాత్రం పైకి లేచింది.

"బాగున్న మోటారు విప్పి, కన్నానికి రేకు కొట్టావు. కిటికీ లేని గదికి ఉన్న ఒక్క ముక్కునూ మూశావు," అంది లాయరమ్మ. "పక్క గదిలోనే ఉంది ఇన్‌స్పెక్టర్‌ గారూ, పోయి వాసన చూడండి."

ఇన్‌స్పెక్టర్ పోయాడు. మోటారు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు. దాన్ని మేస్త్రీ కాళ్ళ దగ్గర పెట్టాడు. 

మేస్త్రీ తొట్టి అంచు పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఆ పెద్ద మనిషి ఒక్కసారిగా గోనెసంచిలా కుదించుకుపోయాడు.

"గేటు తిప్పింది ఈ చేతులు," అన్నాడు. "తిప్పమన్నది ఈ మేనేజర్. ఒక్క పూటే అన్నాడు మొదట. తరవాత రోజూ అయింది. దిగువ ఊళ్ళో పిల్లలు పోతున్నారని విన్నాక నాకు నిద్ర లేదు. చిన్నోడు పోయి చెబితే వాళ్ళు ఎవరిని ముక్కలు చేస్తారు? ఆయన్నా? ఆయన ఎక్కడుంటాడో కూడా వాళ్ళకు తెలీదు. నన్ను చేస్తారు. చిన్నోణ్ణి బతిమాలాను, వినలేదు." అక్క వైపు చేతులు చాపాడు. "కానీ బావను కాదు తల్లీ. ఒట్టు. బావను చంపాలనుకోలేదు."

"అంటే నా తమ్ముణ్ణి చంపితే పరవాలేదా?" అంది అక్క.

ఆమె గొంతు పెంచలేదు. అతనికి మాత్రం కొరడాతో కొట్టినట్టు తగిలింది.

"వాణ్ణి చంపి, నా పక్కన కూర్చుని, నా పిల్లలకు అన్నం కలిపేవాడివా? ఇప్పుడు కలిపినట్టే?"

 సంకెళ్ళు మేస్త్రీ పెద్ద మణికట్లకు బిగుతుగా పట్టాయి. సంఘం పెట్టినవాడు, గేటు ముందు నిలబడి తిప్పను పో అని ఒక్క మాట అని ఉంటే వెనక అందరూ నిలబడేవాళ్ళు. భయం అంత పెద్ద మనిషిని ఆ ఒక్క మాట దగ్గరే తినేసింది.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "మొత్తానికి హంతకుడు దొరికాడు. ఈ గేటు మాటలన్నీ నేరస్తుడి కల్పన. ఇన్‌స్పెక్టర్‌ గారూ, మీరిక..."

"గేటు ఇప్పుడు తెరిచి ఉందా?" అంది లాయరమ్మ.

 కెమిస్టు అంది, "ఉంది. ఇవాళ పొద్దున కూడా మేనేజర్ గారే తెరిపించారు."

"సంకెళ్ళు ఇంకో జత తెప్పించుకోండి ఇన్‌స్పెక్టర్‌ గారూ. పిల్లల చావులు ఇందులోకి రావని మీరనుకుంటే, దిగువ ఊరి వాళ్ళను అడుగుదాం. ఈ తమ్ముడు చెప్పొచ్చాడు కదా, వాళ్ళు బయల్దేరే ఉంటారు."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్‌ను మొదటిసారి తల నుంచి కాలి దాకా చూశాడు. 

అక్క తమ్ముడి దగ్గరికి నడిచింది. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కొడుతుందేమో అనుకున్నట్టు.

"నువ్వు చంపలేదు," అంది.

"లేదక్కా."

"నీ బదులు పోయాడు."

"అవునక్కా."

"నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఎన్నాళ్ళు గుర్తొస్తుందో నాకు తెలీదు. ఇంటికి రా. నాతో మాట్లాడాలని చూడకు. పిల్లలతో మాట్లాడు." చెంగు నడుముకు దోపింది. "ముందు ఆ గేటు ఎక్కడుందో చూపించు."

దొంగ కాలవ గేటు ప్లాంటు వెనక బురదలో ఉంది. తుప్పు పట్టిన ఇనప పళ్ళ చక్రం. కింద తెల్లటి మురుగు బుసలు కొడుతూ నదిలోకి దూకుతోంది. ఆపరేటర్ చక్రం పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. కదలలేదు. మేస్త్రీ చేతులకు అలవాటైన చక్రం అది. రెండోసారి లాగేసరికి అతని చేతుల పక్కన ఇంకో రెండు చేతులు పడ్డాయి. అక్క చీర కుచ్చెళ్ళు బురదలో మునిగాయి. చక్రం మూలిగింది. ఒక పన్ను తిరిగింది.

వెనకనుంచి మేనేజర్ కేకలు వినిపించాయి. ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి మెడ సాచి అరుస్తున్నాడు. "మూయొద్దు! మూస్తే మురుగంతా వెనక్కి ఎగదన్నుతుంది! ఆఫీసులు మునుగుతాయి! ఊళ్ళో ఇళ్ళల్లోకి వస్తుంది!"

తమ్ముడి చేతులు ఆగాయి. అక్క మొహంలోకి చూశాడు.

ఆమె చక్రాన్ని ఇంకో పన్ను తిప్పింది.

"రానీ," అంది.